తొండ చూసిన జట్లు

తొలకరి పడగానే ఆ అడవిలో బంతాట మొదలవుతుంది. ఎండిన వెలగకాయే బంతి. ఆ ఏడు మొదటి పోటీ అడవిపందులకూ కుందేళ్లకూ పడింది.

పోటీకి పది రోజుల ముందు తొండ పుట్ట మీద కూర్చుని రెండు జట్ల సాధననూ చూసింది. దాని చూపు మంచిదే గానీ నోరు ఊరుకోదు. పందుల పెద్ద గుండప్ప దగ్గరికి వెళ్లి, "మీకు బలముంది గానీ పరుగు లేదయ్యా" అంది. కుందేళ్ల పెద్ద చిట్టెమ్మతో, "మీకు పరుగుంది గానీ ఒక్క తోపుకి ఎగిరి పడతారమ్మా" అంది.

రెండు మాటలూ నిజమే. అందుకే ఇద్దరూ నమ్మారు.

పోటీ రోజున పందులు పది రోజుల పరుగుతో డొక్కలెగరేస్తూ వచ్చాయి. కుందేళ్లు చెట్లను ఢీకొట్టీ ఢీకొట్టీ కుంటుకుంటూ వచ్చాయి. పొద్దు వాలేదాకా వెలగకాయ నడిమి గీత దాటలేదు.

"నువ్వు చూసి చెప్పినట్టే చేశాం కదా మామా, ఇదేంటి?" అని చిట్టెమ్మ అడిగింది.

తొండ అలవాటుగా తల ఊపబోయి ఆగింది.

"నేను చూసిన జట్లు ఇవి కావమ్మా" అంది మెల్లగా. "ఆ రెండూ ఇవాళ ఆటకి రాలేదు."