ద్రవాభిషేకం

"ద్రవాభిషేకం కాదు నాన్నా, ద్రవాభిసరణం! పదోసారి చెప్తున్నా."

టీచరమ్మ స్కేలుతో బల్లమీద టక్కున కొట్టింది. చిన్నోడు ఉలిక్కిపడ్డాడు. ఆమె మాట తీరు చూసి ఇంట్లోవాళ్ళు టీచరమ్మ అన్నారు. ఇతను పుట్టినప్పుడు చిన్నోడు అన్నారు. రెండు పేర్లూ అలాగే ఉండిపోయాయి.

ఆదివారం పొద్దున. వంటింటి బల్లమీద రెండు గిన్నెలు. ఒకదాంట్లో ఉప్పునీళ్ళు, వాటిలో బంగాళదుంప ముక్కలు. రెండోదాంట్లో మంచినీళ్ళు, వాటిలో గుప్పెడు ఎండుద్రాక్ష. మధ్యలో బిక్కమొహం వేసుకుని చిన్నోడు.

మర్నాడే సైన్సు పరీక్ష. అన్నింట్లోనూ గట్టెక్కాడు గానీ ఈ ఒక్క సబ్జెక్టు రెండుసార్లు ముంచింది. రెండుసార్లూ అదే ప్రశ్న, కణం పొర గుండా పదార్థాల రవాణా. రెండుసార్లూ అదే తెల్లకాగితం. టెన్త్ పాసైతే ల్యాబులోకి తీసుకుంటానని హెడ్మాస్టరు మాటిచ్చారు. గాజు గొట్టాలు, మైక్రోస్కోపు, సీసాలో తేలే కప్ప... ఇన్నాళ్ళూ వాటిని కిటికీలోంచి చూడటమే. ఈసారి కూడా తప్పితే ఇక పుస్తకం ముట్టుకోకూడదని చిన్నోడు లోలోపల ఒట్టు పెట్టుకున్నాడు.

"ముక్క మెత్తబడింది. ఎందుకు?" అంది టీచరమ్మ.

"ఉప్పు లోపలికి పోయి మెత్తబెట్టిందమ్మా."

"నా తలకాయ!"

"ఎందుకే వాణ్ణి అలా రాచి రంపాన పెడతావు?" గుమ్మంలోంచి ముసలావిడ అందుకుంది. "పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళైనా తాగలేదు నా చిన్నోడు."

"నువ్వు ఊరుకో. నీ గారాబం వల్లే ఇలా తయారయ్యాడు. నిటారుగా కూర్చో నాన్నా, మళ్ళీ నడుం పట్టేస్తుంది. సరే, ఎండుద్రాక్ష చూడు. ఎంత ఉబ్బిందో..."

గిన్నెలో నీళ్ళు మాత్రమే ఉన్నాయి. ముసలావిడ బోసినోరు మాత్రం ఆడుతూనే ఉంది.

"మెత్తగా ఉన్నాయని తిన్నానే," అందావిడ, నేరమేమీ ఎరగనట్టు.

టీచరమ్మ తల పట్టుకుంది. ప్రయోగం కాస్తా కడుపులోకి పోయింది. ఉన్నట్టుండి లేచి నిలబడింది.

"నాన్నా, బడిలో నువ్వు ఎప్పుడూ ఉండేది ఎక్కడ?"

చిన్నోడు సిగ్గుపడ్డాడు. "గేటు దగ్గర."

"మరి ఆ గేటే కణం పొర అనుకో. బయట గుంపు, లోపల ఖాళీ. చిన్నపిల్లలు ఎలా వస్తారు?"

"ఊచల సందుల్లోంచి దూరిపోతారమ్మా. గేటుతో పనే లేదు."

"అది వ్యాపనం. ఎక్కువున్న చోటునుంచి తక్కువున్న చోటికి, వాటంతట అవే. పెద్దమనుషులో?"

"సందుల్లో పట్టరు కదా! పక్క తలుపు తీసి ఎవరో దగ్గరుండి తీసుకెళ్ళాలి."

"గ్లూకోజూ అంతే. మరి లోపల ఇసకేస్తే రాలనంత జనం ఉన్నా, ఇంకొకణ్ణి తొయ్యాలంటే?"

"అబ్బో, భుజం పెట్టి తొయ్యాలి. ఒళ్ళు హూనమైపోతుంది."

"ఆ శక్తి పెట్టి చేసేదే సక్రియ రవాణా. ఇప్పుడు చెప్పు. ఉప్పు వచ్చింది, గేటు రానివ్వలేదు. నీళ్ళకి మాత్రం అడ్డులేదు. ఏమవుతుంది?"

చిన్నోడు దుంపముక్కను చేతిలోకి తీసుకున్నాడు. అది వేలిమీద వాలిపోయింది. కళ్ళజోడు పైకి తోసుకుని దానికేసి తేరిపార చూశాడు.

"ఉప్పు లోపలికి రాలేదు. లోపలి నీళ్ళే బయట ఉప్పు దగ్గరికి పోయాయి! అందుకే ఇది వడిలింది!"

"హమ్మయ్య! అదే ద్రవాభిసరణం!"

"అమ్మా! అయితే ఆ గేటు దగ్గర నిలబడి ఇన్నాళ్ళూ నేను సైన్సే చదివానన్నమాట!"

అతని సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ పూట చిన్నోడు ముసలావిడకి కూడా పాఠం చెప్పాడు. ఆవిడ పొట్లంలో మిగిలిన ఎండుద్రాక్ష తింటూ విన్నది.

మర్నాడు పరీక్షలో అదే ప్రశ్న వచ్చింది. చిన్నోడు రెండు పేజీలు నింపాడు, పొర బొమ్మకి ఊచలు కూడా గీశాడు.

నెల తర్వాత ఒక పొద్దున బడి నోటీసు బోర్డు మీద ఫలితాలు అంటించారు. చిన్నోడు కళ్ళు గట్టిగా మూసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. టీచరమ్మే జనంలో దూరి చూసింది. ఆమె కేక ఆవరణంతా వినిపించింది.

"సైన్సు నలభై ఎనిమిది! పాసయ్యావు నాన్నా!"

చిన్నోడు ఏడ్చాడు. దాచుకోలేదు, అందరి ముందే వెక్కివెక్కి ఏడ్చాడు. హెడ్మాస్టరు వచ్చి భుజం తట్టి, సోమవారం నుంచి ల్యాబుకి రమ్మన్నారు. టీచరమ్మ ముక్కు ఎర్రబడింది, ఆమె మాత్రం ఏడుపు ఆపుకుంటోంది.

చిన్నోడు కళ్ళు తుడుచుకుని గడియారం చూసి అన్నాడు, "గంట కొట్టే వేళైంది, ఇక నీ తొమ్మిదో తరగతికి పరిగెత్తు తల్లీ, గేటు కాపలావాడి కూతురే ఆలస్యంగా వచ్చిందంటే మీ సారు నన్ను ఆడిపోసుకుంటారు!"