సముద్రానికి అడ్డం

పొద్దున్నే బండి ముందు బురదలో మోకాళ్ల దాకా దిగిన మనిషిని చూసి లక్ష్మీరాజానికి ఒళ్లు మండింది.

కరోనాకు ఉధ్నాలో మగ్గాలు ఆగిపోయాక, భార్య పద్మారాణి మెడలో గొలుసు అమ్మి డుమస్ బీచ్‌లో మిరపకాయ బజ్జీల బండి పెట్టుకున్నాడాయన. బజ్జీ తినేవాడికి ఎదురుగా సముద్రం కనబడాలి. ఈయన బండి ముందేమో మనిషెత్తు మడ పొదలు. ఎవరో కొన్నేళ్లుగా నాటుతున్నారని విన్నాడు. ఆ మహానుభావుడు ఇవాళ దొరికాడు.

"ఏం చేస్తున్నవ్ భాయ్?" అని హిందీలో నిలదీశాడు.

"ఖాళీల్లో మొక్కలు పెడుతున్నా" అన్నాడా మనిషి, మాస్కు తీయకుండానే.

"ఉన్నవే కొట్టేద్దామని నేను గొడ్డలి తెచ్చుకున్న."

"కొట్టకు. తుఫానొస్తే అలల జోరు ఆపేవి ఇవే."

"ముందు గిరాకీ సంగతేంది? ఆ చివర రమణ్‌భాయి బండి కాడ జాతర లెక్క జనం. నా సముద్రానికి అడ్డం పెట్టమని వాడే పంపిండు గదా నిన్ను?"

మాస్కు పైన కళ్లు నవ్వాయి. తననెవరూ పంపలేదన్నాడు.

"మరి వాని బండి ముంగట పెట్టరాదు?"

"అక్కడంతా ఇసుక. ఇవి బురదలోనే బతుకుతాయి."

రమణ్‌భాయి మొహం లక్ష్మీరాజం ఎన్నడూ చూడలేదు. పోటీవాడి బండి వైపు అడుగేయడమే ఆయనకు నామోషీ. అయినా వాడి నూనె ఎంత నలుపో, శనగపిండిలో ఏం కలుపుతాడో ఆ మనిషికి పూసగుచ్చినట్టు చెప్పాడు. అతను ఓపిగ్గా విని, బజ్జీలు పొట్లం కట్టించుకుని పోయాడు. మర్నాడొచ్చి, వాము కాస్త తగ్గిస్తే బాగుంటుందన్నాడు.

లక్ష్మీరాజం గొడ్డలి అందుకున్నాడు. పద్మారాణి లాక్కుంది.

"జర ఆగుండ్రి. ఈ పొదలుండబట్టే గాలికి పొయ్యి ఆరుతలేదు."

మే నెలలో తుఫాను వచ్చింది. బీచ్ మూసేశారు. బండి అక్కడే తాళ్లతో కట్టేసి ఉంది. ఉధ్నాలో అద్దె గదిలో కూర్చుని, గొలుసుతో పాటు బండికీ నీళ్లొదులుకున్నారు మొగుడూపెళ్లాలు.

గాలి తగ్గాక పోయి చూస్తే పొదలు సగం వంగిపోయి, సముద్రం తెచ్చిన చెత్తంతా మీదేసుకుని ఉన్నాయి. వాటి వెనక బండి మాత్రం మూకుడుతో సహా నిలబడే ఉంది. లక్ష్మీరాజం పొదలకు దండం పెట్టాడు. గొడ్డలి ఎత్తినందుకు సిగ్గుపడ్డాడు. ఆ మనిషికి వేడివేడి బజ్జీలు పెట్టి, కడుపునిండా తినేదాకా కదలనివ్వకూడదనుకున్నాడు. బండి బాగుచేసుకుంటూ ఎంత ఎదురుచూసినా అతను రాలేదు.

ఈలోగా రమణ్‌భాయి బండి ఊడ్చుకుపోయిందని తెలిసింది. లోపల్లోపల సంబరపడుతూ మొదటిసారి ఆ చివరికి నడిచాడు. అక్కడ ఒట్టి ఇసుక తప్ప ఏమీ లేదు. చూడగానే ఆయన సంబరం కాస్తా నీరుగారిపోయింది.

కొబ్బరిబోండాల సమ్మక్క తన తడికలు ఏరుకుంటోంది.

"అక్కా, నా బండి ముంగట మొక్కలు పెట్టెటాయన యాడన్న కనబడ్డడా?"

సమ్మక్క ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నిన్ననే ఊరిడిసి పోయిండు తమ్మీ. బండే కొట్టుకపోయినంక ఇంక ఈడ ఏంజేస్తడు రమణ్‌భాయి?"