తగ్గని నడుము

"నొప్పి తగ్గలేదంటున్నారుగా, మరి నీళ్లలోకి ఎలా దిగుతారండీ?" రాజ్యం భర్తను గట్టిగానే అడిగింది.

త్రిమూర్తులు నడుము మీద చేయి వేసుకుని, నాచారంలోని డైవింగ్ సామాన్ల దుకాణం గడప మెల్లగా దాటాడు.

చర్లపల్లి అవతల నీళ్లు నిండిన క్వారీ గుంతలో నరేందర్ అనే కుర్రవాడు నిన్న మునిగిపోయాడు. ఈతగాళ్లు వెతికి వెతికి ఒట్టి చేతులతో పైకొచ్చారు. అంత లోతుకు దిగేది త్రిమూర్తులేనని ఎవరో చెబితే, వాడి తల్లి వెంకటనర్సమ్మ ఉప్పల్‌లో వీళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇప్పుడు వీళ్లతోపాటే వచ్చి, దుకాణంలో బల్ల పక్కన నేల మీద కూర్చుంది.

"నడుం నొప్పి ఉన్నవాడికి పనికొచ్చే సామాను చూపించు దామోదర్," అన్నాడు త్రిమూర్తులు.

"వీపుకు గాలి సిలిండర్ కట్టుడు బంద్ పెట్టు అన్నా," అన్నాడు దుకాణం యజమాని. "నీళ్లల్ల దిగినంక పక్కకు తగిలించుకునే పట్టీలున్నయి. మునుగుతందుకు కట్టే సీసం బిళ్లలు గూడ నడుముకొద్దు, జాకెట్ జేబులల్ల ఏస్కో. లోపల బరువే తెల్వది. ఒడ్డు మీదనే జర పైలం. ఏం ఎత్తకు."

"విన్నావా? నొప్పి ఉన్నా దిగొచ్చు," త్రిమూర్తులు భార్య వైపు తిరిగాడు.

"తగ్గితే మాత్రం దిగకూడదు. గుర్తుందా?" రాజ్యం గోడ మీది దుర్గమ్మ పటం వైపు చూసింది. "నడుము బాగుచేయి తల్లీ, ఈయన్ని మళ్లీ నీళ్లలో అడుగు పెట్టనివ్వనని మొక్కుకున్నాను."

"తగ్గలేదుగా. తగ్గాక మానేస్తాను."

"అమ్మవారితో బేరాలా?"

"బేరం పెట్టింది నువ్వేగా!"

వెంకటనర్సమ్మ తలెత్తింది. "బతికిస్తవని రాలే బిడ్డా. నా కొడుకు మొఖం ఒక్కసారి సూపియ్యి. నా చేతులతోని సాగనంపుకుంట."

రాజ్యం ముఖం పక్కకు తిప్పుకుంది.

దామోదర్ సిలిండర్‌ను బల్ల మీద పడుకోబెట్టి, పట్టీల కోసం లోపలికి తిరిగాడు. సిలిండర్ దొర్లింది. బల్ల అంచు దాటి, వెంకటనర్సమ్మ మీదికి.

"అమ్మో!" అరిచింది రాజ్యం.

త్రిమూర్తులు ఒక్క అంగలో వంగి, ఆ ఇనుప సిలిండర్‌ను రెండు చేతులా ఒడిసిపట్టాడు. పైకెత్తి బల్ల మీద పెట్టాడు. నిటారుగా నిలబడ్డాడు. చిన్న మూలుగైనా లేదు.

కాసేపటికి గుర్తొచ్చినట్టుగా అతని చేయి మళ్లీ నడుము మీదికి వెళ్లింది.

రాజ్యం ఆ చేతిని చూసింది. నేల మీద కూర్చున్న తల్లిని చూసింది. పటం వైపు తిరిగి రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుని, తెరవకుండానే అంది:

"ఆ పక్కకు తగిలించుకునే పట్టీలే ఇవ్వండి అన్నయ్యా. ఈయనకి నడుం నొప్పి ఇంకా తగ్గలేదు."