లాక్ దగ్గర ఎక్కిన మనిషి

దేదీప్య చేతిలోంచి తాడు జారిపోయింది.

ఇరుకైన ఆ పొడవాటి పడవ అడ్డం తిరిగి, ముక్కుతో లాక్ గోడను గుద్దింది. ఆమె తూలింది. వెనుకనుంచి పరుగెత్తుకొచ్చిన శశికాంత్ ఆమె మోచెయ్యి పట్టుకుని బలంగా లోపలికి లాగాడు.

“చెయ్యి వదులు, నొప్పి.”

“వదిలితే నీళ్ళలో పడేదానివి. ఒక్క తాడు పట్టుకోలేవా?”

ఈరీ కాలువ మీద లాక్ అంటే రెండు గేట్ల మధ్య లోతైన కాంక్రీటు గది. అందులోకి నీళ్ళు నింపితే పడవ నెమ్మదిగా పై కాలువ మట్టానికి లేస్తుంది. ఆ లోతులో మాట గోడలకు తగిలి రెండింతలవుతుంది.

“పట్టుకోలేను. అలసిపోయాను శశీ. చెల్లి పెళ్ళికి వెళ్ళొద్దన్నావు, వెళ్ళలేదు. జాబ్ మారొద్దన్నావు, మారలేదు. ఎప్పుడడిగినా గ్రీన్ కార్డ్, గ్రీన్ కార్డ్.”

“మంగళవారం ఇంటర్వ్యూ. అంతవరకూ ఓపిక పట్టు.”

“ఆ మాట ఎన్నిసార్లన్నావు?”

“ఏం, నేను సుఖపడుతున్నానా? స్పీడింగ్ టికెట్ వస్తుందేమోనని ఐసెలిన్‌లో మన ఇంటి నుంచి ఇక్కడిదాకా ట్రక్కుల వెనకాలే డ్రైవ్ చేశాను.”

“అరవకు. పైన మనుషులున్నారు.”

“ఉంటే ఉండనీ. ఇక్కడ తెలుగు ఎవరికర్థమవుతుంది?”

పోట్లాడే ఓపిక కూడా మిగలక ఇద్దరూ చెరొక తాడు పట్టుకుని, చెరొక వైపు చూస్తూ కూర్చున్నారు. పడవ పైకి లేచింది. గోడ అంచున ఊలు టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు నిలబడి ఉన్నారు.

“తెలుగువాళ్ళేనా బాబూ?”

శశికాంత్ ముఖం పాలిపోయింది.

“ఇప్పుడే వచ్చాను. మీ పడవలో ఆ సంచి మీద ఐసెలిన్ ఓక్ ట్రీ రోడ్‌లోని మన స్వీట్ షాపు పేరు చూసి మనవాళ్ళే అనుకున్నాను. పై ఊళ్ళో పనుంది, కాస్త ఎక్కించుకుంటారా?”

అవునని గానీ కాదని గానీ చెప్పేలోగా ఆయన పడవలోకి కాలు పెట్టేశారు.

“అమ్మాయ్, తినడానికేమైనా ఉందా?”

దేదీప్య పులిహోర డబ్బా తీసింది. ఎదుటి గేటు ఇంకా తెరుచుకోనేలేదు. ఆయన ప్లేటు పట్టుకుని పడవ ముందుభాగాన అందరికీ కనిపించేలా కూర్చుని, ముద్ద మీద ముద్ద నోట్లో పెట్టుకున్నారు.

“ఎన్నాళ్ళయిందో తిని. నువ్వూ రా బాబూ, పక్కన కూర్చో. అమ్మాయ్, నువ్వు కూడా.”

గేటు దాటి వంపు తిరిగాక ప్లేటు పక్కన పెట్టేశారు. ఇక ముట్టలేదు.

“ఎంత పెట్టించుకున్నాడో చూడు, అంతా వేస్ట్” అని దేదీప్య గొణిగింది.

“మనవాళ్ళు కనబడితే చాలు, ఊరికే వదలరు” అన్నాడు శశికాంత్.

చాలా రోజుల తరువాత ఒక విషయంలో ఇద్దరి మాటా కలిసింది.

కాలువ కదలనట్లే ఉంది. గట్టు మీద చెట్లు వరుసగా వచ్చి, వరుసగా వెనక్కి పోతున్నాయి. పెద్దాయన ఎండకు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. ఊరు, ఉద్యోగం, జీతం, వీసా ఏదీ అడగలేదు. అడగకపోవడమే శశికాంత్‌కు అనుమానంగా తోచింది. తనూ ఆయన పేరు అడగలేదు.

పై ఊరి వంతెన దగ్గర దింపుతుంటే ఆయన మోకాలు పట్టుకుని లేచారు.

“సాయంత్రం ఇటే తిరిగొస్తారుగా? నన్నూ ఎక్కించుకోండి బాబూ. అంతదూరం నడవలేను.”

“మా ప్లాన్ ఇంకా డిసైడ్ కాలేదండీ.”

“సరే, మంచిది.”

సాయంత్రం తిరిగి వస్తుంటే, వంతెన దాటిన కాసేపటికి గట్టు మీది దారిలో ఆయన కనిపించారు. కుంటుతూ నడుస్తున్నారు.

“ఆపు శశీ, పాపం.”

“ఎవరో ఏమిటో తెలియదు. పడవలో ఏమైనా అయితే రిపోర్టులు, పోలీసులు. మంగళవారం దాకా ఏ రిస్కూ వద్దు.”

ఆమె మళ్ళీ అడగలేదు.

ఆ పడవ వేగం మనిషి నడకకన్నా కొంచెమే ఎక్కువ. ఆయనను దాటడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ శశికాంత్ అవతలి గట్టు వైపు చూస్తూ చుక్కాని పట్టుకున్నాడు. పెద్దాయన ఒకసారి చెయ్యి ఊపారు. పిలవలేదు.

లాక్‌లోకి వచ్చాక వెనుక గేటు మూసుకుంది. నీళ్ళు దిగసాగాయి. పడవతో పాటు వాళ్ళిద్దరూ లోతుకు దిగుతుంటే, లాక్ నడిపే తెల్లావిడ పైనుంచి వంగి చూసింది.

“మీ అన్నయ్య ఏరీ?” అని ఇంగ్లీషులో అడిగింది.

“ఎవరి అన్నయ్య?” అన్నాడు శశికాంత్.

“పొద్దున మీతో కూర్చుని తిన్నాడే, ఆయన. అక్కడ కూర్చుని తినడం చూశాకే నేను ఆ మాట నమ్మాను.”

“ఏ మాట?”

“మీ అరుపులు విని, నువ్వు ఆమె చెయ్యి పట్టి లాగడం చూసి నేను పోలీసులకు ఫోన్ చేయబోతుంటే, ‘వద్దమ్మా, అతను నా తమ్ముడు, అన్నానికి రమ్మని నన్నే పిలుస్తున్నారు’ అని నా చేతిలో ఫోన్ దింపించింది ఆయనే.”