పక్కపక్కనే రెండు సీట్లు

“ఎనిమిదో తేదీకి రివార్డు సీట్లు అయిపోయాయండీ. పదో తేదీకైతే బోలెడున్నాయి. వేసెయ్యమంటారా?”

విమాన టిక్కెట్ల ఆఫీసులో కౌంటరు వెనక అమ్మాయి ఆ మాట అనేసి, తర్వాతి మనిషిని రమ్మన్నట్టు చూసింది. ఎదురుగా నిలబడ్డ టైలరు మాత్రం అంగుళం కదల్లేదు. షాపుకి తాళం వేసి ఎండలో పరుగున వచ్చాడేమో, మెడలో కొలతల టేపు ఇంకా అలాగే వేలాడుతోంది.

“పది వద్దమ్మా, ఎనిమిదే కావాలి. రెండు సీట్లు, పక్కపక్కనే.”

“లేవని చెప్తున్నా కదండీ!”

“మామూలు వాళ్ళకి లేవు. ఇది చూడు.”

చొక్కా జేబులోంచి విమానాల కంపెనీ ఇచ్చిన గోల్డ్ కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. అది ఆయన భార్యది. ఆస్పత్రుల్లో స్కానింగ్ మిషన్లు బిగించే ఇంజనీరు ఆవిడ. వారానికి నాలుగు విమానాలు ఎక్కి దిగుతుంది. ఎక్కినప్పుడల్లా ఆ కార్డులో పాయింట్లు పడతాయి, వాటితో రివార్డు సీట్లు ఉచితంగా ఇస్తారు. కార్డుతోపాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆయన పరీక్షకి చదివినట్టు చదివేశాడు.

“పన్నెండో పేజీలో రాశారు. గోల్డ్ వాళ్ళ కోసం కొన్ని సీట్లు విడిగా దాచి ఉంచుతారట. అడిగితేగానీ తియ్యరట. అడుగుతున్నాను.”

పుస్తకం చదివొచ్చే వాళ్ళంటే ఆ అమ్మాయికి గుండె దడ. కార్డు అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఆవిడకి మీరేమవుతారు?”

“మొగుణ్ణి. ఆ పాయింట్లు నేనూ వాడుకోవచ్చని నా పేరు ఎక్కించింది. చూడు, ఉంటుంది.”

ఉంది. అమ్మాయి కంప్యూటర్ మీద టకటకా కొట్టడం మొదలుపెట్టింది. టైలరు ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

“రెండున్నాయండీ!” అంది చివరికి. “ఒకటి పద్నాలుగో వరసలో, ఇంకోటి ఇరవయ్యేడో వరసలో.”

ఆయన ముఖం వాడిపోయింది. “పక్కపక్కన కావాలమ్మా.”

“రెండు గంటల ప్రయాణానికి ఎవరెక్కడ కూర్చుంటే ఏమైందండీ? దిగాక కలుసుకోరూ?”

“దిగాక కుదరదు.”

“పోనీ, దగ్గర్లో ఇంకో ఊరుంది. యాభై నిమిషాల్లో దింపేస్తాడు. పక్కపక్క సీట్లే ఇస్తాను.”

“యాభై నిమిషాలా?” ఆయన మనసులో ఏదో లెక్కేసుకుని తల అడ్డంగా ఊపాడు. “చాలదమ్మా.”

వెనక నిలబడ్డ లావుపాటి పెద్దాయనకి ఓపిక నశించింది. “బాబూ, మేం కూడా ఊళ్ళకెళ్ళాల్సిన వాళ్ళమే!”

“ఒక్క నిమిషం బాబాయ్‌గారూ, మీకు పుణ్యముంటుంది,” అని టైలరు మళ్ళీ కౌంటరు వైపు తిరిగాడు. గొంతు తగ్గించాడు. “తల్లీ, తొమ్మిదో తేదీ లోపల మా ఆవిడకి ఖాళీ దొరికింది ఆ ఒక్కరోజే. అది దాటితే ఇక లాభం లేదు. పైవాళ్ళనెవరినైనా ఒక్క మాట అడుగు.”

ఆ గొంతులో ఏముందో గానీ, అమ్మాయి లేచి లోపల మేనేజరు గదిలోకి వెళ్ళింది. అద్దం తలుపు వెనక ఆమె చేతులు ఊపుతూ చెప్పడం కనబడుతోంది. మేనేజరు ముందు కాదన్నాడు, తర్వాత బుర్ర గోక్కున్నాడు, ఆఖరికి ఫోనెత్తాడు. టైలరు టేపుని వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం.

అమ్మాయి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చింది.

“గోల్డ్ కార్డు కాబట్టి ఒప్పుకున్నారండీ. పద్నాలుగో వరసలోనే కిటికీ సీటూ, దాని పక్కదీ.”

“నీ కడుపు చల్లగుండ!” అన్నాడు టైలరు. ఆ టేపుతోనే కళ్ళు ఒత్తుకున్నాడు.

పని అయిన ఉత్సాహంలో అమ్మాయి గడగడా చెప్పుకుపోయింది. “ఈ కార్డుకి ఇరవై కిలోల సామాను అదనంగా తీసుకెళ్ళొచ్చు.”

“సామానేం లేదమ్మా.”

“దిగాక అక్కడి లాంజ్‌లో భోజనం ఉచితం.”

“అంత తీరికెక్కడిది?”

“హోటల్ గదికి కూడా తగ్గింపు ఇస్తారండీ. సముద్రం ఎదురుగానే.”

“గది అక్కర్లేదు.”

అమ్మాయి అదోలా చూసింది. “సరే, తిరుగు ప్రయాణం ఎప్పుడు?”

“అదే విమానం వెనక్కొస్తుందిగా, దాన్లోనే. అవి కూడా పక్కపక్కనే చూడు.”

“అది నలభై నిమిషాల్లో బయల్దేరిపోతుందండీ!”

“తెలుసు.”

ఇందాకటి పెద్దాయన తన తొందర మర్చిపోయి, చెవి ఇటు పడేసి మరీ ముందుకి వంగాడు. అమ్మాయి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

“ఊరు చూడరు, సముద్రం చూడరు, భోజనమైనా చెయ్యరు. ఇంత గొడవపడి మరి ఎందుకండీ వెళ్ళడం?”

టైలరు సిగ్గుపడ్డాడు. ముసిముసిగా నవ్వాడు.

“ఫోను కట్టేసి, బెల్టు పెట్టుకుని, మా ఆవిడ కదలకుండా నా పక్కన కూర్చునేది ఆ ఒక్క చోటే తల్లీ. తొమ్మిదో తేదీన పాపని దత్తత తీసుకుంటున్నాం, ఈలోగా ఇద్దరం కలిసి పేరు అనుకోవద్దూ!”