ఇంటి ఎత్తు

ట్రైలర్ తలుపు మళ్ళీ పడలేదు.

డెల్బర్ట్ భుజంతో నెట్టాడు. కాలితో తన్నాడు. ఊహూఁ.

"తన్ను, ఇంకా తన్ను. విరిగేది నీ కాలే," అంది రోడా, పెట్రోల్ బంకులోంచి రెండు కాఫీలు పట్టుకొస్తూ.

ఉన్న ఇల్లు అమ్మేసి, ఆ డబ్బుతో చక్రాల మీద ఇల్లులా ఉండే ఈ పాత ట్రైలర్ కొనుక్కుని, పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని దేశం చూద్దామని బయల్దేరారు మొగుడూ పెళ్ళాం. మంచం, పొయ్యి, పెళ్ళినాటి పింగాణీ పళ్ళేలు, సమస్తం అందులోనే. అది పోతే మళ్ళీ తల దాచుకోను చోటు లేదు.

"తలుపు పడదు. వంటింటి కర్టెన్ చూస్తే ఒకవైపు మూరెడు పొట్టి. ముందు ఏ మహాతల్లి వాడిందో గానీ, భలే అంటగట్టారు మనకి!" అన్నాడు డెల్బర్ట్.

"కాస్త పైకెత్తి మోకాలితో నెట్టాలి నాయనా."

వెనక ఒక ముసలామె నిలబడి ఉంది. తలకు వెలిసిపోయిన పసుపుపచ్చ గుడ్డ కట్టుకుంది. అడగకుండానే వచ్చి పిడి పట్టుకుని, కాస్త పైకెత్తి, మోకాలితో నెట్టింది.

టక్కున పడింది తలుపు.

"అమ్మో! మీ చేతిలో ఏదో మహిమ ఉందండీ," అంది రోడా.

ఆమె తలుపు మీంచి చెయ్యి తియ్యలేదు.

"ఎటు పోతున్నారు?"

"సరస్సు దగ్గరికి. కొండ మీద రైలు వంతెన కిందుగా," అన్నాడు డెల్బర్ట్.

"ఆ దారి వద్దు. వంతెన కింద ఈ బండి పట్టదు."

"ఎందుకు పట్టదు? వంతెన పదిన్నర అడుగులు. బండి పది. బండితో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది."

"ఆ పుస్తకం అచ్చేసినప్పుడు దీని నెత్తిన ఏసీ లేదు. కొండదారుల్లో బండి అడుగు రాళ్ళకు తగలకుండా ఇరుసులు స్ప్రింగుల కిందికి మార్చి బండి మొత్తం పైకి లేపారు. వంగి చూడు, తెలుస్తుంది."

"మీకెలా తెలుసండీ?" అంది రోడా.

ఆమె నోరు తెరిచేలోపే డెల్బర్ట్ అందుకున్నాడు.

"కల్లోకొచ్చి ఉంటుందిలే! బతుకంతా రొట్టెల వ్యాను తోలినవాణ్ణి. నాకా చెప్తారు?"

"టేపు పెట్టి కొలిచి చూడు నాయనా. కాఫీ చల్లారేలోపు అయిపోతుంది."

"కాఫీ చల్లారబెట్టుకునే అలవాటు నాకు లేదు."

ఆమె బంకు కొట్లోకి వెళ్ళి చేపలు పట్టే పొడుగాటి వెదురు గేలం కర్ర ఒకటి కొనుక్కొచ్చింది. దాన్ని ట్రైలర్ పక్కన నిలబెట్టి, ఏసీ పెట్టె కంటే పైకి ఉన్న ముక్క విరిచేసింది. మిగిలిన కర్రను తన చిన్న కారు ముందు నేలకు తగిలీ తగలకుండా నిలువుగా కట్టింది. తల మీది గుడ్డ విప్పి కర్ర కొసకు ముడేసింది.

డెల్బర్ట్ పకపకా నవ్వాడు.

"చూశావా రోడా! ఈవిడ ఆకాశంలో చేపలు పట్టబోతోంది!"

కారు వాళ్ళకంటే ముందు రోడ్డెక్కింది. కొండదారిలో నత్తలా పాకుతోంది. డెల్బర్ట్ హారను మోగించాడు. లైట్లు వేసి ఆర్పాడు. మలుపుల మీద మలుపులు, దాటిపోవడానికి లేదు.

"జరగవమ్మా, ముసలీ!"

"నోరు ముయ్యి డెల్బర్ట్. కొంచెం మెల్లిగా పోనీ."

"ఇంతకంటే మెల్లిగా పోతే వెనక్కి పోతాం!"

చివరి మలుపు తిరిగారు. ఎదురుగా రైలు వంతెన.

ఠప్!

గేలం కర్ర వంతెన దూలానికి తగిలి ఫెళ్ళున విరిగింది. కారు అక్కడే ఆగిపోయింది. డెల్బర్ట్ రెండు కాళ్ళతో బ్రేకు తొక్కాడు. వెనక పింగాణీ పళ్ళేలన్నీ గలగలమన్నాయి.

తిట్లు పళ్ళ మధ్య పట్టుకుని కిందికి దూకాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు.

ట్రైలర్ నెత్తి మీది ఏసీ పెట్టె వంతెన దూలం కంటే పైకి ఉంది. ఇంకొక్క బారెడు ముందుకొచ్చుంటే పైకప్పంతా చాపలా లేచిపోయేది.

వంగి బండి కిందికి చూశాడు. ఇరుసులు ఆమె చెప్పినట్టే ఉన్నాయి.  టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమండీ! ఆగండీ!" ముందు కారు కదలడం చూసి రోడా దాని వెనక పరుగెత్తింది.

కారు కిటికీలోంచి ముసలి చెయ్యి ఒకటి బయటికి వచ్చి ఊగింది. అంతే, కారు వంతెన దాటి అవతలి మలుపులో కలిసిపోయింది.

"కనీసం పేరైనా అడగలేదే! దేవత కాదు గదా?" అన్నాడు డెల్బర్ట్. 

"దేవతో ఎవరో! నువ్వు మాత్రం హారను కొట్టి తరిమావు."



రోడా వెనక నిలబడి చేతులూపుతుంటే బండిని మెల్లగా వెనక్కి నడిపి, వెడల్పుగా ఉన్న చోట ఆపాడు. నిచ్చెన వేసుకుని టేపుతో కొలిచాడు. పదకొండు అడుగులకు వేలెడు తక్కువ. ఆమె అడిగినప్పుడే ఈ పని చేసుంటే పోయేదేముంది అనుకుని సిగ్గుతో చచ్చిపోయాడు.

రోడా దారిలో పడి ఉన్న కర్రముక్క తెచ్చింది. కొసకున్న గుడ్డను జాగ్రత్తగా విప్పింది. పసుపుపచ్చ మీద ఎర్రటి చెర్రీపళ్ళు. ఎక్కడో చూసిన గుడ్డే.

గబగబా ట్రైలరెక్కింది. వంటింటి కిటికీ దగ్గర నిలబడిపోయింది.

"డెల్బర్ట్, ఇలా రా."

పొట్టిగా ఉన్న కర్టెన్ అంచుకు ఆ గుడ్డ అంచు ఆనించి చూపించింది.

కర్టెన్‌లో సగానికి తెగిన చెర్రీపండుకు మిగతా సగం ఆ గుడ్డలో ఉంది. ఇంతసేపూ ముందు నడిచి ఈ ఇంటిని కాపాడింది ఒకప్పటి ఆ ఇంటావిడే.