లెక్కలు రాని మనిషి

“లెక్కలొచ్చినోడు పనికిరాడమ్మా. రూలు ఒప్పుకోదు.”

నాంపల్లిలో పరీక్షా కేంద్రం గేటు దగ్గర సూపరింటెండెంటు ఈ మాట అనేసరికి అనసూయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఏడవదా మరి! కొడుకు విద్యాసాగర్ నాలుగు రోజుల కింద కోఠిలో కదిలే బస్సు ఎక్కబోయి పడ్డాడు. కుడిచేతికి సిమెంటు కట్టు. ఇంటర్ రెండో సంవత్సరం లెక్కల పరీక్ష ఇంకో ఇరవై నిమిషాల్లో ఉంది. వాడు చెబుతుంటే రాయడానికి మేనల్లుడు రామచందర్‌ను వెంటబెట్టుకొచ్చింది. తీరా అడిగితే వాడూ కాలేజీలో లెక్కలే చదువుతున్నాడు.

“ఏడాది పోతది సార్, జర చూడుండ్రి” అని తండ్రి బాలకిషన్ చేతులు జోడించాడు.

“నేనేం చెయ్యాలె? లెక్కలు రాని మనిషిని తెచ్చుకోండ్రి. పది నిమిషాలు టైమిస్తున్న.”

పది నిమిషాల్లో ఎవర్ని తెస్తారు? అనసూయ ఇక ఆపుకోలేక భోరుమంది.

కూతురిని పరీక్షకు దింపి, సైకిలు తిప్పుకుంటున్న ఒక పెద్దాయన ఆగాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ లేని తెల్లచొక్కా.

“నేను రాస్త సార్.”

“పేరు?”

“దేవప్రసాద్.”

“లెక్కలొచ్చా?”

ఆయన ఏడుస్తున్న తల్లి వంక ఒకసారి చూశాడు.

“రావు సార్.”

ఆ మాటే ఫారం మీద రాసి, ఇంటి నంబరు వేసి, సంతకం పెట్టాడు.

లోపల పేపరు చూడగానే విద్యాసాగర్‌కు ప్రాణం లేచొచ్చింది. వెక్టర్ల లెక్క పడింది. తనకది కొట్టిన పిండి. ఏ, బీ, సీ అని మూడు బిందువులిచ్చి, ఏ అనే బిందువు దగ్గర కోణమెంతో కనుక్కోమన్నారు.

“రాయి. పెద్ద ఏబీ ఈక్వల్ టు చిన్న ఏ మైనస్ చిన్న బీ.”

పెన్ను ఆగింది.

“మళ్లొక్కసారి చెప్తవా నాయనా?”

“ఏ మైనస్ బీ.”

పెన్ను కదల్లేదు.

“జర నిమ్మళంగ చూసుకొని చెప్పు. ఏం రాయాలె?”

“చెవులు వినబడవా ఏంది? ఏ మైనస్ బీ!”

ఆయన మూడోసారి కూడా అడిగాడు. దాంతో వీడికి తిక్క రేగింది.

“లెక్కలు రానోనివి, నీకెందుకయ్యా గివన్ని? నేను చెప్పింది రాయి!”

హాలంతా తలలు తిప్పి చూసింది. అంత పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. చెప్పింది చెప్పినట్టే రాశాడు. బెల్లు కొట్టాక “వస్త నాయనా” అంటే కూడా వీడు తలెత్తి చూడలేదు. ఎంత పొగరో!

సాయంత్రం అబిడ్స్‌లో చాయ్ తాగుతూ స్నేహితులతో జవాబులు సరిచూసుకున్నాడు. అందరికీ కోణం అరవై డిగ్రీలు. తనకు నూట ఇరవై.

ఇంటికొచ్చి ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు.

“ఆ ముసలోడే తప్పు రాసిండు! ఒక్క లైను మూడుసార్లు అడిగిండు, బుద్ధి లేనోడు!”

“ఫారం మీద చూసి రాసుకున్న ఇంటి నంబరు నా దగ్గరున్నది. పోయి కడిగేసొస్త” అని బాలకిషన్ చెప్పులేసుకున్నాడు.

పక్కింటి లెక్కల లెక్చరర్ వామన్‌రావు అడ్డం వచ్చాడు.

“జర ఆగు బాలకిషన్. ఏం రాయమని చెప్పినవ్ రా? నాకు చెప్పు.”

విద్యాసాగర్ గడగడా అప్పజెప్పాడు.

“అరె, బీలకెంచి ఏ తియ్యాలె గదరా! ఏసీ సక్కగ చెప్పి ఏబీ ఉల్టా చెప్తివి. అరవై నూట ఇరవై గాక ఏమైతది? తప్పు నీదే.”

విద్యాసాగర్‌కు పరీక్ష హాలు గుర్తొచ్చింది. దేవప్రసాద్ పెన్ను ఆగింది సరిగ్గా అక్కడే. మూడు గంటల్లో ఇంకెక్కడా ఆగలేదు. ఇంకోటి కూడా గుర్తొచ్చింది. వెక్టరు అక్షరాల నెత్తి మీద గీత పెట్టమని తను ఒక్కసారీ చెప్పలేదు. ఆయనే ఒక్కటీ మరిచిపోకుండా పెట్టాడు.

పరుగున పోయి కాళ్ల మీద పడాలనిపించింది. సిగ్గు పోనివ్వలేదు. చెయ్యి బాగయ్యాక పోదాం, రిజల్టొచ్చాక పోదాం అనుకుంటూ రెండు నెలలు గడిపాడు.

జూన్‌లో ఫస్టు క్లాసు వచ్చింది. ఇంజనీరింగు సీటు కూడా వచ్చేలాగే ఉంది. అబిడ్స్‌లో మిఠాయి కొనుక్కుని, నాంపల్లి స్టేషను వెనక గల్లీలో ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయాడు.

ఆయన కూతురు డోరా తలుపు తీసింది. పేరు చెబుతుంటే ఆమె అతని కుడిచేతి వంక చూసింది.

“నువ్వేనా? చెయ్యి బాగైందా?”

“ఔ. సారున్నడా?”

“నాయిన లేడు. మే నెలల గుండె ఆగి పోయిండు.” ఆమె తలుపుకు ఆనుకుంది. “ఆఖరి దినాలల్ల గూడ నీ ముచ్చటే. ఆ పిల్లగాడు పాసైతడా బిడ్డా అని రోజూ అడుగుతుండె.”

విద్యాసాగర్ ఆ గడప మీదే కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

“లెక్కలొస్తయి గద ఆయనకు! తప్పని ఒక్క మాట చెప్పొచ్చు గద! అందరి ముందర అన్ని మాటలంటి...”

“చెప్తే మోసమైతదన్నడు. మూడుసార్లు అడుగుడు గూడ తప్పే బిడ్డా అన్నడు.”

“ఏం పని చేస్తుండె?”

డోరా కళ్లు తుడుచుకుంది.

“మిషన్ బడిల ఇరవై రెండేండ్లు లెక్కల సారు. గా పరీక్ష దినమే, అబద్ధానికి సంతకం పెట్టినోడు ఇగ పిల్లల ముందర నిలబడొద్దని, హెడ్‌మాస్టరు ఎంత బతిలాడినా ఇనకుండ, నౌకరీకి రాజీనామా రాసిచ్చిండు.”